ముందు రెండు, వెనకొకటి

మొగల్తూరు రోడ్డు మీద రాముడి టీకొట్టు దగ్గర నాగదుర్గ రెండు చేపల పెట్టెలు దించుకుని గంట నుంచీ ఆటో కోసం చూస్తోంది. టైరు పోయింది, ఇప్పట్లో రాలేనని ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు. పెట్టెల్లోంచి ఐసు నీళ్ళు కారుతున్నాయి. తొమ్మిదిలోపు నరసాపురం మార్కెట్‌కి చేరకపోతే ఆ చందువాలు ఎండుచేపలకి తప్ప ఎందుకూ పనికిరావు. సరిగ్గా అప్పుడే పడవ బుల్లియ్య, చింతచెట్టు కింద నిలబెట్టిన తన బండి చూపించి మొదలుపెట్టాడు.

"నా బండి ఉండగా నీకు ఆటో ఎందుకు వదినా? నా చేత్తో కట్టాను. పాత స్కూటర్ మూతి కోసేసి ముందు రెండు చక్రాలు, వెనకొకటి. ఆ రెండింటి మధ్యా ఐసు పెట్టె. రెండూ వెనకాల కదా ఉండాలి అంటారు జనం. ఆటోలో సరుకు మన వీపు వెనకాల ఉంటాది, ఏ పిల్లి ఎక్కిందో, ఏ చేప దిగిందో తెలీదు. నా బండిలో చేప కళ్ళెదుటే ఉంటాది. మొదటిసారి నరసాపురం ఎంతసేపట్లో వెళ్ళాననుకున్నావు? పది నిమిషాలు."

"పదేనా?" అన్నాడు రాముడు టీ వడకడుతూ.

"దారిలో గేదెలు అడ్డమొచ్చాయిలే, లేకపోతే ఏడే. ఐసు కరగలేదు సరికదా, ఆ గాలికి ఇంకో అంగుళం పెరిగింది. మూత పట్టక మా ఆవిడ వీరవేణి దాని మీద ఎక్కి కూర్చుంది."

నాగదుర్గ పెట్టె మీద తడిగోనె సర్దుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి కడియం దాకా పాకింది. నర్సరీ సత్యప్రసాద్‌గారు ఫోన్ చేసి, బుల్లియ్యా, తునిలో పెళ్ళి, లారీ రాలేదు, రెండొందల పూలమొక్కలు పంపాలి, నువ్వే దిక్కు అన్నారు. ఎక్కించాను. అన్నవరం దాటాక రోడ్డు పక్కనే రైలు. ఎంతసేపూ నా వెనకాలే. చివరికి ఆ డ్రైవర్ తల బయటపెట్టి, బాబ్బాబు, కాస్త మెల్లగా పోనియ్యండి, మిమ్మల్ని చూసి రైలు ఆగిపోయిందనుకుని జనం దిగిపోతున్నారు అని దణ్ణం పెట్టాడు. పాపం అనిపించి తగ్గించాను."

బెంచీ చివర పేపరు చదువుకుంటున్న రొయ్యల చెరువుల ఆసామి దుర్గాప్రసాదరాజుగారు తలెత్తకుండానే, "తగ్గించావా, మంచిదే" అన్నారు.

"ఆయ్, తగ్గించానండి. అయినా తునిలో మొక్కలు దింపి చూద్దును కదా, ఒక్కదానికీ నీడ లేదు. నీడలన్నీ ఇంకా కడియంలోనే ఉండిపోయాయి. అవొచ్చేదాకా అరగంట కూర్చోవాల్సొచ్చింది. తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవుకొస్తే ఏరు దాటించే పంటు వెళ్ళిపోయింది. నేనాగుతానా? గోదాట్లోకి దింపేశాను. ముందు చక్రాలు రెండూ నీళ్ళు చీలుస్తుంటే వెనక చక్రం తోసుకుపోతోంది. ఇంజన్ తడిస్తే ఒట్టు. పులసలు వాటంతటవే ఎగిరి పెట్టెలో పడ్డాయి. చిన్నవి ఏరి వెనక్కి వదిలేశాను, పాపం పెరగాలి కదా."

రాజుగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నీళ్ళల్లో దిగిందన్న మాట వరకూ నేను నమ్ముతానయ్యా. నిన్న సాయంత్రం దిగింది మా చెరువులోనే కదా. నలుగురు పట్టి లాగారు. చక్రాలకి ఇంకా మా గట్టు మట్టి ఉంది చూడు."

"అందుకేనా పొద్దున్న తోసుకుంటూ వచ్చావు?" అన్నాడు రాముడు.

బుల్లియ్య గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అతనికి నిజంగానే సిగ్గేసింది.

"ఇంజన్‌ది తప్పు కాదండి. ఆరబెట్టాను, శుభ్రంగా నడుస్తోంది. ముప్ఫై ఏళ్ళు చుక్కాని పట్టిన చెయ్యి నాది. కర్ర కుడికి తోస్తే పడవ ఎడమకెళ్ళాలి. హ్యాండిల్‌కి రాడ్లు బిగించేటప్పుడు చెయ్యి అదే లెక్కన బిగించేసింది. తీరా ఎక్కి కూర్చుంటే స్కూటర్ అలవాటు అడ్డమొచ్చింది. గట్టు ఎడమకి తిరిగిందని ఎడమకి తిప్పాను, అది కుడికెళ్ళి చెరువులో పడింది. విప్పి మార్చాలి. ఈలోగా ఎవరైనా ఒక్క పెట్టె ఎక్కిస్తారేమోనని, ఎక్కిస్తే తోసుకునైనా తీసుకెళ్దామని తెచ్చాను. ఇంతవరకూ ఒక్కళ్ళూ ఎక్కించలేదు."

నాగదుర్గ లేచి వెళ్ళి హ్యాండిల్ పట్టుకుంది. కుడికి తోసింది. రెండు చక్రాలూ ఎడమకి తిరిగాయి. ఎడమకి తోసింది. కుడికి తిరిగాయి. బ్రేకు ఏదో, ఎక్సిలేటర్ ఏదో అడిగి తెలుసుకుంది. కొట్టు ముందు ఖాళీలో మెల్లగా రెండు చుట్లు తిప్పి తెచ్చింది. బండి చెప్పినట్టు విన్నది.

"వదినా, నీకు స్కూటర్ వచ్చా?" అన్నాడు బుల్లియ్య.

"రాదు. జన్మలో ఎక్కలేదు. ఏట్లో మీ అన్నయ్య వల వేస్తుంటే పదిహేనేళ్ళు చుక్కాని పట్టింది నేనే. నువ్వు వెనకాల కూర్చో, హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యకు."

రాముడూ బుల్లియ్యా కలిసి పెట్టెల్లోని చందువాలూ ఐసూ బండి పెట్టెలోకి సర్దారు. మూత వేయబోతుంటే నాగదుర్గ ఆపింది.

"పైన అంగుళం ఖాళీ ఉంచు బుల్లియ్యా. ఐసు పెరుగుద్దన్నావు కదా."