పులి గుంజిన బ్యాటరీ బండి

“జాకెట్ ముట్టిందా అని అడుగుతున్నవ్ గని చెల్లె, అన్న ప్రాణంతోటి ఎట్లొచ్చిండని అడుగుతలేవు!”

సాంబన్న భుజం మీది ఎర్ర రుమాలుతో మూతి తుడుచుకుని ఇంకో చాయ్ అందుకున్నాడు. సిరొంచ బస్టాండు ఎదురుగా దేవయ్య హోటల్ అది. బయట సాంబన్న బ్యాటరీ బండి నిలబడి ఉంది. ఊళ్లో దుకాణాల సామాన్లన్నీ ఆ బండి మీదే ఇంటింటికీ చేరుస్తాడు. సామాన్ల కంటే కోతలే ఎక్కువ చేరుస్తాడని అందరికీ తెలుసు.

టైలర్ శీతల్ పెండ్లిపిల్ల జాకెట్ కుట్టడం ఇదే మొదటిసారి. వాగు అవతల జింగనూర్‌లో ప్రణాలి పెండ్లి ఈ సాయంత్రమే. జాకెట్ నిన్న పొద్దున సాంబన్న చేతికిచ్చింది. వానకు అక్కడ ఫోన్లు కలవడం లేదు. పాపం, రాత్రంతా ఆమెకు కునుకు లేదు.

“ఒక్క మాట చెప్పన్నా, ముట్టిందా?”

“చెప్తున్న గద! నిన్న నువ్వు ఇచ్చినవా, సీటు కింద పెట్టిన, ఇట్ల తిప్పిన, అట్ల బయలెల్లిన. ఒక్క చార్జింగుకు ఈ బండి జింగనూర్ పోతదా అని మీకందరికీ అనుమానమే. నేను మెల్లగ పోయిన, గంతే, గందుల నా గొప్పేం లేదు. అడివిల పడ్డంక ఏమైందో ఎర్కేనా?”

“ఏమైంది?” అన్నాడు గణపతి. జింగనూర్ బస్సు కండక్టర్. బస్సు కదిలేలోపు చాయ్ తాగిపోదామని వచ్చాడు.

“వాన! గసొంటి వాన నా జన్మల చూడలే. నా ముందట తొవ్వ మీద పెద్దపులి పోతాంది. పెట్రోల్ బండైతె సప్పుడు ఇని చెట్లల్లకు ఉర్కుతుండె. బ్యాటరీ బండికి సప్పుడేది? ముందటి చక్రం దాని తోకకు తగిలేదాక దానికీ తెల్వదు, నాకూ తెల్వదు!”

“వామ్మో!” చాయ్ వడపోస్తున్న దేవయ్య చెయ్యి ఆగిపోయింది. “పులి తోకకా?”

“నా మీద ఒట్టు బావా. బుగులుకు హారన్ కొట్టిన. పులి చెట్టంత ఎత్తు ఎగిరింది. కిందపడి నన్ను చూసి అది పరేషాన్, దాన్ని చూసి నేను పరేషాన్. ఇగ అది ముందట, నేను ఎనుక, ఉర్కుడే ఉర్కుడు. గట్లనే వాగు కాడికి వచ్చినం.”

“వచ్చినమంటే?”

“నేనూ పులీ.”

గణపతి కళ్లు పెద్దవయ్యాయి. “నిన్న గా వాగును మా బస్సే దాటలే! నీళ్లు చూసి డ్రైవర్ తిప్పుకొచ్చిండు.”

“బస్సెట్ల దాటుతది? మీ బస్సుకు పులేది? నాకు గాడనే బ్యాటరీ అయిపాయె. ఏం జెయ్యాలె? రుమాలు ఒక కొస పులి తోకకు కట్టిన, ఇంకో కొస హ్యాండిల్‌కు కట్టిన, మళ్ల హారన్ కొట్టిన. చూడు ఇగ! పులి ఈదుతాంది, ఎనుక బండి తేలుతాంది, నీళ్లల్ల చక్రాలు గిర్రగిర్ర తిరుగుతున్నయ్. చక్రాలు తిరిగితె ఏమైతది? ఉల్టా బ్యాటరీ ఎక్కుతది! ఒడ్డెక్కేసరికి ఫుల్!”

“జాకెట్ తడిసిందా?” శీతల్ బెంచీ మీంచి లేచింది.

“ఒక్క చుక్క పడలే! సీటు కింద ఉన్నది గద. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్లకు పోతె కరెంటు లేదు. మైకు బంద్, పిండి గిర్ని బంద్, పెండ్లోళ్లు నెత్తికి చేతులు పెట్టుకున్నరు. నా బ్యాటరీకి వైరు తగిలిచ్చిన. ఊరు ఊరంతా భగ్గున ఎలిగింది! అయినా కరెంటు మిగిలి పొంగిపోతాంది. ఇగ పారబోసుడెందుకని గా దూరపు భామ్రాగడ్ ఊరి లైనుకు కలిపిన. గాడోళ్లు పొద్దు మళ్ల పొడిసిందనుకొని కోళ్లను ఇడిసిన్రు!”

“భామ్రాగడ్‌లనా?” గణపతి చాయ్ ఒలికింది. “మన సిరొంచలనే నిన్నటి సంది కరెంటు లేదు గదన్నా!”

“ఎట్లుంటది? బయలెల్లేటప్పుడు మొత్తం నేనే గుంజుకపోతి!”

దేవయ్య నమ్మాడో లేదో గానీ నోరైతే మూయలేదు.

“పెండ్లిపిల్ల ఏమన్నదన్నా?” అంది శీతల్, మెల్లగా.

“ఏమంటది? తొడుక్కొని అద్దంల చూస్కున్నది, సంబురానికి ఏడ్సింది. శీతలక్క చేతులకు కడియాలు ఎయ్యాలె అన్నది.”

శీతల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిన్నటి నుంచి గుండె మీద ఉన్న బరువు దిగిపోయి, ఆమె హాయిగా నవ్వింది.

అప్పుడే లోపల బజ్జీలు వేస్తున్న దేవయ్య భార్య మల్లక్క బయటికొచ్చింది. పొయ్యి సప్పుడులో ఆమెకు ఈ ముచ్చటేమీ వినపడలేదు. రెండు చేతులతో మోసుకొచ్చిన నల్లడబ్బాను బెంచీ మీద ధన్‌మని పెట్టింది.

“తమ్మీ, నీ బ్యాటరీ తీస్కపో. నిన్న పొద్దుగాల నువ్వు చార్జింగు పెట్టుడు, కరెంటు పోవుడు. ఇంతదాక రాలే. తిరిగేటప్పుడల్లా నా కాళ్లకు తగులుతాంది.”

అందరూ బయట బండి వైపు చూశారు. శీతల్ చెయ్యి చాపింది. సాంబన్న తాళం ఇచ్చాడు, ఆమె మొహం చూడకుండా.

సీటు ఎత్తితే బ్యాటరీ చోటు ఖాళీగా ఉంది. పక్కనే తను కట్టిన గులాబీ రంగు కవరు, కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఆమె దాన్ని గుండెకు అదుముకుంది.

“కరెంటు ఇప్పుడొస్తది, అప్పుడొస్తది అని చూసిన చెల్లె...” అన్నాడు సాంబన్న.

“ప్రణాలి ఏడ్సిందన్నవ్ గదన్నా? ఇయ్యాల సాయంత్రం నిజంగనే ఏడుస్తుండె.”

గణపతి గ్లాసు పెట్టేసి లేచాడు.

“రా చెల్లె, బస్సెక్కు. ఇయ్యాల వాగు తగ్గింది, పొద్దు ఉండంగనే ముడుతం.”

శీతల్ ముందు సీట్లో కూర్చుంది, కవరు ఒళ్లో పెట్టుకుని. బస్సు కదిలింది. డోరు దగ్గర నిలబడ్డ గణపతి వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

“సాంబన్నా! వాగు కాడ పులి కలిస్తె నీ రుమాలు ఇప్పిచ్చుకొని తెస్త!”

సాంబన్న చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. ఎర్ర రుమాలు అక్కడే ఉంది.