మోత ఆపించిన మాస్టారు

హలో… ఆ, హైస్కూలే. నేనేనండి, సైన్సు మాస్టారు రామచంద్రమూర్తిని. హెడ్మాస్టరుగారు భోజనానికి వెళ్లారు… ఎవరూ?… ఓరి, నువ్వట్రా ఆదెయ్యా. జిన్నింగు మిల్లు మేనేజరువయ్యాక గొంతు కూడా మారిందే.

… దేనికి చేశావో నాకు తెలుసు. రాత్రి షిఫ్టు సంగతేగా… కుదర్దు. వీధి వీధంతా సంతకాలు పెట్టి ఆపించుకున్నాం. పగలు మీ ఇష్టం, ఎంత దూదైనా తీసుకోండి. రాత్రిళ్లు మాత్రం మనుషుల్ని పడుకోనివ్వండి.

… మోత సంగతి విచారించే ఆఫీసరా? ఇవాళే వచ్చాడా… నన్నొక్కణ్ణి అడిగితే చాలన్నాడా… అంటే నేను నిద్ర బాగా వస్తోందంటే షిఫ్టు ఆపమన్న ఆర్డరు ఖాయం చేసి పోతాడు, రావట్లేదంటే మీరు మళ్లీ రాత్రిళ్లు మిల్లు తిప్పుకోవచ్చు. అంతేగా.

… ఏం చెప్తానా? ఉన్నదే చెప్తా. నిద్రంటే ఏమనుకుంటున్నావురా? ఒంట్లో మరమ్మతులన్నీ అప్పుడే జరుగుతాయి. పిల్లలు ఎదిగేది నిద్రలోనే. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. అది చాలకపోతే బీపీ, విసుగు, మతిమరుపు… హా…

… ఆవలింత కాదు. దగ్గు.

… ఎవరు చెప్పారు నీకు?… మా పక్కింటి సీతారత్నమ్మా? ఆవిడకి నోరాగదు… ఆ, నిజమే. చంటాణ్ణి ఎత్తుకుని రోజూ రాత్రి రోడ్డు మీదికి పోతోంది. లారీల మోత వింటేగాని వాడు కన్ను మూయడట. మీ మిల్లు మోతలో పుట్టిన పిల్లాడాయె… నన్నేం చెయ్యమంటావు.

… మా ఇంట్లోనా? మా ఇంట్లో అందరం హాయిగా…

… ఫ్యాను సంగతి కూడా చెప్పిందా ఆవిడ?… సరే, విను. మా ఆవిడ కామేశ్వరి టేబులు ఫ్యానుకి అట్టముక్క కట్టింది. టపటపా కొట్టుకుంటుంటే మీ మిషన్లాగే ఉంటుందని. నాలుగు నిమిషాలు కునుకు పట్టింది. అంతలో కరెంటు పోయింది.

… నవ్వకురా.

… ఒరేయ్, ఇక నీ దగ్గర దాచేదేముంది. మీరు రాత్రి షిఫ్టు ఆపిన దగ్గర్నించీ నాకు నిద్ర లేదు. నిన్న తొమ్మిదో తరగతిలో గుండెకి నాలుగు మూత్రపిండాలని చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. ఇంటికెళ్లాక ఏడుపొచ్చినంత పనైంది.

… ఎందుకంటే మెదడు నిద్రలో కూడా చెవులు మూసుకోదురా. అలవాటైన మోతని పట్టించుకోదు. అది కాస్తా ఆగిందనుకో, ఏదో కొంప మునిగిందని లేపి కూచోబెడుతుంది… ఆ, ముందే తెలుసు. పాఠం చెప్పేది నేనేగా… నా ఇంటికి కూడా అదే పాఠమని తోచలేదు.

… ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? మోతలో పట్టేది నిద్ర కాదు, ఉత్త మగతని గడప గడపకీ తిరిగి చెప్పాను. వద్దన్నవాళ్లతో పోట్లాడాను. ఇప్పుడు వాళ్లంతా ఎర్రటి కళ్లేసుకుని నాకేసి చూస్తున్నారు. అదే బాధ.

… ఆ, గుర్తుంది. చివరి బెంచీలో నిద్రపోతున్నావని నీ చెవి మెలేశాను. ఇప్పుడా లెక్క తేల్చుకుంటావా?… మీ నాన్న మిరప కళ్లంలో రాత్రంతా కాపలా కాసి వచ్చేవాడివా? ఆ మాట అప్పుడే చెప్పొద్దూ.

… సరే. పోతే పోయింది పరువు. పిలువు ఆయన్ని. మళ్లీ తిప్పుకోమని నా నోటితోనే చెప్తాను. ఇవాళ రాత్రి నుంచే…

… ఆగు. నీ వెనకాల ఏమిట్రా ఆ చప్పుడు?… భోజనాలై మిషన్లు వేశారా… కాస్త ఆ తలుపు తియ్యి… ఇంకాస్త… ఆ… అద్దీ…

… ఉన్నాను… ఉన్నానురా… కుర్చీలో కూచున్నా, అంతే…

… నమస్కారమండీ ఆఫీసరుగారూ… ఆ, నేనే… నిద్రాండీ?… వస్తోందండీ… అబ్బ, ఎంత బాగా వస్తోందో…

… ఖాయం చేసేస్తారా?… అయ్యో, ఉండండి… అది కాదండీ… నే చెప్పేది… రాత్రిళ్లు…

… ఆదెయ్యా… నువ్వు చెప్పరా ఆయనకి… నేను కాస్త…

… ఫోను… పెట్టెయ్యకు…

… … గుర్ర్…