నమ్మకం కార్డు

(సరిహద్దు వంతెన పక్కన, పెద్ద లైన్లో నిలబడకుండా దాటడానికి కార్డులిచ్చే ఆఫీసు. బల్లకి ఒకవైపు ఇంటర్వ్యూ చేసే ఆఫీసరమ్మ. రెండోవైపు, ఒళ్ళో సంచి పెట్టుకుని, పళ్ళ సెట్లు తయారుచేసే ఆమె.)

"...అంటే, గేటు దగ్గర తనిఖీవాళ్ళు సంచిలో పళ్ళున్నాయా అని అడిగితే ఉన్నాయన్నారు."

"ఉన్నాయి కదా మేడమ్. ఉన్నవి లేవని ఎలా చెప్తాను?"

"వాళ్ళు అడిగింది తినే పళ్ళ గురించమ్మా. అవి దాటించకూడదు."

"అది నాకు తర్వాత తెలిసింది. పక్కకి తీసుకెళ్ళి, సంచి విప్పించి, డబ్బా మూత తీశారు. తీసినాయన మూత అక్కడే పడేశాడు."

"హహ... క్షమించండి. నవ్వకూడదు."

"పర్లేదు. అందరూ నవ్వుతారు. ఇప్పుడు కూడా ఉన్నాయి, చూపించమంటారా? ఒక సెట్టు ఇంకా మైనం మీదే ఉంది."

"వద్దొద్దు, ఇప్పుడే తినొచ్చాను. సరే, వృత్తి దగ్గర ఏం రాయను? పళ్ళ డాక్టరనా?"

"అయ్యో, కాదు. అవతల క్లినిక్‌లో డాక్టరుగారు అచ్చు తీసి పంపిస్తారు. ఇవతల మా ల్యాబ్‌లో నేను సెట్టు కట్టి తీసుకెళ్తాను. బిగించేటప్పుడు ఎక్కడైనా ఒరుసుకుంటే అప్పటికప్పుడు అరగదీయాలి. అందుకే మనిషి వెళ్ళాలి. అక్కడ పిల్లాపెద్దా నన్ను పళ్ళమ్మ అంటారు. కావాలంటే అదే రాసుకోండి."

"పళ్ళమ్మ అని రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడినవి కట్టడమే కదా మేడమ్ నా పని."

"భలేవారే. మరి ఇన్నేళ్ళుగా మామూలు లైన్లో వెళ్తున్నారు కదా, ఇప్పుడెందుకు కార్డు?"

"లైను పెద్దది కదా."

"ఎప్పుడూ పెద్దదే కదా."

"అవుననుకోండి. ఓపిక తగ్గింది."

"ఊఁ. ఈ కార్డు సంగతి తెలుసు కదా? రెండు దేశాలూ కలిసి ఇస్తాయి. మీ గురించి ఇవతల మేం చూస్తాం, అవతల వాళ్ళు చూస్తారు. ఇద్దరమూ ఈ మనిషిని నమ్మొచ్చు అంటేనే. ఒకరు తల అడ్డంగా ఊపినా రాదు."

"తెలుసు. లైన్లో మేమంతా దీన్ని నమ్మకం కార్డనే అంటాం."

"నమ్మకం కార్డు! బాగుంది. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా అత్తయ్యా."

"పిల్లలు?"

"లేరు."

"మీ వారు?"

"లేరు."

"లేరంటే..."

"పోయారు. ఫారంలో రాశాను కదా."

"రాశారు. మీ నోటితో వినాలి. అదొక పద్ధతి."

"పడవ బోల్తా పడింది మేడమ్. అప్పటికి ఈ వంతెన లేదు కదా. అవతల గిడ్డంగిలో పనికి వెళ్ళేవాళ్ళంతా ఒకే పడవలో వెళ్ళేవాళ్ళు. కొందరు ఈదుకుంటూ వచ్చారు. కొందరు రెండు రోజుల తర్వాత దొరికారు. ఆయన దొరకలేదు."

"అసలేమీ దొరకలేదా?"

"ఒక చెప్పు దొరికింది. ఆయనది కాదు."

"కాదా?"

"కాదు. ఆయన పాదం ఇంకా పెద్దది. అయినా నేనే తీసుకున్నాను."

"ఎందుకు?"

"అత్తయ్య చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. ఇప్పటికీ ఆవిడ మంచం కిందే ఉంటుంది. తుడుస్తుంటుంది. తర్వాత కోర్టుకెళ్తే, పోయినట్టే లెక్క అని కాగితం ఇచ్చారు. అది కూడా జత చేశాను."

"చూశాను. మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు మేడమ్."

"తాగండి. ఇదిగో."

"సరే. ఆ పక్క కుర్చీ ఖాళీగా ఉందేం? అవతలి వాళ్ళ ఆఫీసరు కూడా ఉంటారన్నారు."

"ఉంటారు. కాసేపు బయటికెళ్ళమన్నాను."

"ఎందుకని?"

"ఊరికే."

"నేనేమైనా తప్పు రాశానా?"

"తప్పని కాదు."

"మరి?"

"మీ అత్తయ్యగారు బాగానే ఉంటారా? ఆరోగ్యం అదీ?"

"కళ్ళు మసక. మిగతా అంతా బానే ఉంది. మేడమ్, మీరేదో చెప్పబోయి ఆగుతున్నారు. క్లినిక్‌లో ఒక ముసలాయన పొద్దుటి నుంచీ నోరు ఖాళీగా పెట్టుకుని కూర్చుని ఉంటాడు. చెప్పేయండి."

"ఎలా చెప్పాలో తెలియక. చూడండమ్మా, పనికెళ్ళేవాళ్ళందరికీ అప్పట్లో పాసులిచ్చేటప్పుడు వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. మీ వారివి కూడా మా దగ్గరున్నాయి. మనిషి పోయారని కాగితం వస్తే వాటిని పక్కన పెట్టేస్తాం. ఎవరూ ముట్టుకోరు."

"ఊఁ."

"ఈ ఏడు నుంచి పద్ధతి మారింది. కార్డుకి పెట్టుకున్నవాళ్ళ ఇంటివాళ్ళవి కూడా, బతికున్నవాళ్ళవైనా పోయినవాళ్ళవైనా, అవతలికి పంపుతున్నాం. వాళ్ళు వాళ్ళవాటితో కలిపి చూస్తారు. మీ వారివీ వెళ్ళాయి."

"ఊఁ."

"కలిశాయి. విన్నారా?"

"విన్నాను. కలిశాయన్నారు."

"అవతల ఒకాయనతో కలిశాయి. పేరు వేరు. ఆయనకి ఈ కార్డే ఉంది. వ్యానుల్లో దాటేవాళ్ళ లైనుది. చాలాకాలంగా ఉంది."

"పొరపాటై ఉంటుంది మేడమ్. వేలిముద్రలదేముంది! ప్లాస్టరు కలిపీ కలిపీ నావే అరిగిపోయాయి. మొన్న బ్యాంకులో మెషీను నన్ను మనిషిగానే ఒప్పుకోలేదు."

"ఒక వేలైతే నేనూ పొరపాటే అనుకునేదాన్ని. పది వేళ్ళమ్మా. పదీ."

"ఓహో."

"ఇది నేను మీకు చెప్పకూడదు అసలు. కానీ అడగకుండా ముందుకెళ్ళలేను. మీరు భర్త పోయారని రాశారు. అవతల ఆ మనిషి తిరుగుతున్నాడు. మీకు తెలిసే రాశారా, తెలియక రాశారా అన్నది నేను తేల్చాలి. ఫొటో ఉంది. చూపిస్తాను. ఆయనే అన్నారనుకోండి, పైకి పంపుతాను. ఆయన కార్డు ఆ పూటే రద్దవుతుంది, తర్వాత కేసూ అదీ. కాదన్నారనుకోండి, ఏ సంబంధమూ లేదని రాసి మూసేస్తాను. అర్థమైందా?"

"అయింది."

"ఏడుపొస్తే ఏడవండి. పర్లేదు. తలుపు వేసే ఉంది."

"రావట్లేదు మేడమ్."

"సరే. స్క్రీను ఇటు తిప్పుతున్నాను. సిద్ధమేనా?"

"తిప్పండి."

"ఇదిగో."

"కాదు."

"ఏంటి?"

"ఈయన కాదు."

"కాస్త దగ్గరికొచ్చి చూడండి. వయసు మీద పడి ఉంటుంది. జుట్టు పల్చబడి ఉంటుంది."

"చూశాను. ఈయనెవరో నాకు తెలియదు. మా ఆయన కాదు."

"ఖాయంగా?"

"ఖాయంగా."

"సరే. మీ ఇష్టం... సంబంధం లేదు. రాశాను. మూసేశాను."

"థ్యాంక్సండీ."

"మీకో మాట చెప్పనా? మీ స్థానంలో నేనుంటే ఆ స్క్రీన్లోకి దూరిపోయేదాన్ని. కాదు కాదని తెలిసినా, చెవులెలా ఉన్నాయి, గడ్డం ఎలా ఉందని వెతుక్కునేదాన్ని. మీరు కళ్ళు కూడా ఆనించలేదు."

"చూసిన మొహమే కదా మేడమ్. నేనిక వెళ్ళొచ్చా?"

"కూర్చోండి. చూసిన మొహమా?"

"నోరు జారింది. వదిలేయండి."

"వదిలేయడమేంటి! ఎక్కడ చూశారు?"

"గేటు దగ్గర."

"ఎప్పుడు?"

"మంగళవారాలు."

"ఏ మంగళవారం?"

"ప్రతి మంగళవారం మేడమ్. బూడిదరంగు వ్యాను. పొద్దున్నే అటువైపు నుంచి వస్తాడు. కార్డు చూపిస్తాడు, గేటు అడ్డకర్ర లేస్తుంది, వెళ్ళిపోతాడు. మామూలు లైనువాళ్ళం పక్కన షెడ్డులో నిలబడి ఉంటాం. మధ్యలో ఇనుప జాలీ ఒక్కటే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కిందటి వానాకాలం ముందు నుంచి. మొదటిసారి నమ్మలేదు. పోలికలనుకున్నాను. రెండోసారి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మీవాళ్ళతో ఏదో మాట్లాడాడు. ఆ మాటతీరు... అంతే. ఇక పోలికలు కాదు."

"మీరు పిలవలేదా?"

"లేదు."

"అరవలేదా? జాలీ పట్టుకుని ఊపలేదా?"

"చేతిలో పళ్ళ డబ్బా ఉంది."

"పళ్ళ డబ్బానా! దేవుడా! ఆయన మిమ్మల్ని చూడలేదా?"

"ఒకసారి చూశాడు."

"చూసి?"

"అద్దం పైకెత్తుకున్నాడు. మెల్లగా లేచింది అద్దం. బటన్ నొక్కితే లేస్తుంది చూడండి, అలాంటిది. వెనక సీట్లో చిన్నపిల్లల కుర్చీ కట్టి ఉంది."

"అవును, ఇక్కడ కూడా కుటుంబం వివరాల్లో..."

"చెప్పకండి."

"సరే. చెప్పను. మీ అత్తయ్యగారికి తెలుసా?"

"తెలియదు. ఒకసారి కళ్ళు చూపిద్దామని ఆవిణ్ణి కూడా అవతలికి తీసుకెళ్ళాను. మంగళవారమే కుదిరింది. వ్యాను వచ్చింది. ఆవిడకి మసకే, కానీ కన్నతల్లి కదా, మసకలోనైనా గుర్తుపడుతుందని భయమేసింది. కొంగు జారింది అత్తయ్యా, ఇటు తిరగండి, సర్దుతాను అని గోడవైపు తిప్పేశాను. వ్యాను వెళ్ళేదాకా సర్దుతూనే ఉన్నాను. ఎంతసేపే, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా ఏంటి అని ఆవిడ నవ్వింది."

"మీరు?"

"నేనూ నవ్వాను."

"అబ్బ. మరి నేనడిగితే కాదన్నారేంటి? ఇప్పుడే, నా మొహం మీదే, కాదన్నారు! నమ్మకం కార్డు అడగడానికొచ్చి నాకు అబద్ధం చెప్పారు."

"చెప్పాను. కానీ పోయారని రాసింది మాత్రం అబద్ధం కాదు. కోర్టు కాగితం వచ్చినప్పుడు నిజంగానే పోయారనుకున్నాను. తర్వాత కనపడ్డాడు. దాన్ని ఏ గడిలో రాయాలో ఆ ఫారంలో లేదు."

"మూసింది నేను మళ్ళీ తెరవగలనమ్మా. ఇంకా పంపలేదు. ఒక్క మాట అనండి. ఆ కార్డు ఇప్పుడే పీకేయిస్తాను."

"వద్దు మేడమ్."

"ఎందుకు వద్దు? జాలా?"

"కాదు."

"పోనీ, ఇంకా మనసులో..."

"అయ్యో, అదేం లేదు. అక్కడ ఏమీ లేదు మేడమ్. మత్తు సూది వేసిన చిగురులా ఉంది. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, అంతే."

"మరి ఎందుకు కాపాడుతున్నారు? మీరు షెడ్డులో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతుంటే, ఆయన దర్జాగా కార్డు చూపించి వెళ్ళిపోతాడు. రెండు దేశాలూ నమ్మిన మనిషట! ఒళ్ళు మండట్లేదా మీకు?"

"కార్డు తీసేస్తే ఆ వ్యాను మామూలు లైన్లోకి వస్తుంది."

"రానివ్వండి! ఎండలో పడి ఉండనివ్వండి!"

"మామూలు బండ్ల లైను మా షెడ్డు పక్కనే ఆగుతుంది మేడమ్. అది కదలదు, మేం కదలం."

"అదే కదా నేననేది. వెళ్ళి అద్దం మీద కొట్టి అడగొచ్చు. ఏమయ్యా, నీ తల్లి ఎవరి చెప్పో తుడుచుకుంటూ కూర్చుందని అడగొచ్చు."

"అడిగితే ఏం చెప్తాడు?"

"ఏదో ఒకటి చెప్తాడు."

"చెప్తే ఆ మాట ఇంటికి మోసుకెళ్ళాలి కదా. అత్తయ్య పక్కన కూర్చుని అన్నం తినాలి కదా. మీకు ఇబ్బందైతే కార్డు వద్దులెండి. నేను వెళ్తాను. అబద్ధం చెప్పినమాట నిజమే."

"కూర్చోమన్నానా? కనీసం వారమైనా మార్చుకోవచ్చు కదా మీరు?"

"అడిగాను. క్లినిక్‌లో పళ్ళు బిగించేది మంగళవారమే. డాక్టరుగారు మిగతా రోజులు వేరే ఊళ్ళో ఉంటారు."

"ఊఁ. కుడి చెయ్యి ఇలా గాజు మీద పెట్టండి."

"దేనికి?"

"వేలిముద్రలకి. కార్డుకి వేలిముద్రలు లేకుండా ఎలా? పెట్టండమ్మా. అవతలి ఆఫీసరు లోపలికొస్తే మళ్ళీ మొదటి నుంచీ అడుగుతాడు."

"తీసుకోదేమో మేడమ్. అరిగిపోయాయి."

"కాస్త అదిమి పెట్టండి. బొటనవేలు... ఆఁ, వచ్చింది. తల ఎత్తి ఆ కెమెరా చుక్కవైపు చూడండి. ఇప్పుడొకటి అడుగుతాను. రాసుకోవడానికి కాదు, ఆడమనిషిగా అడుగుతున్నాను."

"అడగండి."

"ఓపిక తగ్గిందన్నారు కదా ఇందాక. అది నేను నమ్మను. కార్డు చేతికొస్తే మీరు కూడా ఆ లైన్లోకే వెళ్తారు. ఏదో ఒక మంగళవారం ఆయనకి ఎదురుగా నిలబడి మొహంలో మొహం పెట్టి చూడాలనే కదా ఇదంతా?"

"కాదు మేడమ్. కార్డున్నవాళ్ళు నడిచే దారి బిల్డింగు లోపల్నుంచి ఉంది. ఈ ఆఫీసుకి దారి కూడా అదే కదా, వచ్చేటప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూశాను. అక్కడ ఎక్కడా కిటికీ లేదు. రోడ్డు కనపడదు."