జరగని సమర్త

(1997. భిలాయిలో ఖుర్సీపార్. డాక్టరు దగ్గర్నుంచి అప్పుడే ఇంటికొచ్చారు. తల్లి నూకమ్మ వసారాలో బొగ్గుల పొయ్యి ముందుంది. పంతొమ్మిదేళ్ళ కూతురు కనకలత గుమ్మంలో.)

"డాక్టరేటన్నాడో మల్లీ సెప్పు కనకం. హిందీలో గబగబా అనీసినాడు."

"మూడుసార్లు చెప్పేను కదమ్మా."

"ఇంకోపాలి సెప్పు."

"కడుపులో ఉన్నప్పుడే మెదడు పెరగడానికి సిగ్నళ్ళు అందాలట. నాకు సరిగ్గా అందలేదు. ముక్కు దగ్గర పుట్టిన కణాలు మెదళ్ళోకి పోకుండా, స్టేషన్ ఔటర్లో రైలు ఆగినట్టు ఆగిపోయాయి. అవి చేరితేనే నెలసరి. వాసన తెలీకపోవడమూ అందుకే."

"మరి నీకు ఆకలెయ్యకపోడం?"

"దానికీ మెదళ్ళో అక్కడే చోటుందట. అలాంటి సిగ్నళ్ళేనేమో, ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదన్నారు."

"అయితే నువ్వు తినక పెద్దమనిసివి అవలేదని కాదా?"

"కాదు."

"అయిదేళ్ళు... అట్లకాడతో కొట్టి మరీ ముద్దలు కుక్కినాను కదే."

"పోనీలేమ్మా."

"ఏటి పోనీ?"

"మందులున్నాయి. ఆయన రాసిచ్చిన కాగితం చూపిస్తే రాయపూర్లో మొదలెడతారు. పిల్లలు కూడా పుట్టొచ్చన్నారు. ఆ కాగితం మాత్రం జాగ్రత్త. ఆయన రేపు ఢిల్లీ వెళ్ళిపోతారు, మళ్ళీ దొరకరు."

"పెల్లయ్యాక ఎల్దువులే."

"పెళ్ళికి ముందే. సాయంత్రం రిసాలి వెళ్ళి మురళీధర్‌కి కాగితం చూపించేస్తా. చేసుకునేది అతను."

"నీకు సమర్త సేసినాను కదే. పెద్దమనిసయిందని ఈదంతా పిలిసి, పీటమీద కూకోబెట్టి, సిమ్మిలి పంచినాను. ఆ పిల్లోడి తల్లే నీకు పసుపు రాసింది."

"ఏం జరిగిందని చేసావు? పధ్నాలుగేళ్ళు నాకు."

"జరక్కే సేసినాను. కులాయి కాడ ఆడోల్లు రోజూ అడిగీవోరు. ఇంకా అవలేదా, ఇంకా అవలేదా. ఏటి సెప్పమంటావు?"

"అప్పుడే డాక్టరుకి చూపించుంటే..."

"బయమేసింది. ఇప్పుడూ బయమే. పన్నెండు రోజుల్లో పెల్లి. ఆల్లు కాదంటే మరెవుడొస్తాడు?"

"కాదంటే కాదంటాడు. దాచి కాపురం చెయ్యలేను."

"నేను సచ్చిపోతాను కనకం."

"మాటకి ముందు చావు. అమ్మా, నా సంచీలో కాగితం లేదు. నువ్వు తీసావా?"

"ముందు రెండు ముద్దలు తిను."

"కాగితం ఏదమ్మా?"

"ఆకలెయ్యకపోయినా తినాల. పొద్దుట్నుంచి టీ తప్ప..."

"అమ్మా. కాగితం."

"ఇందాకట్నుంచీ ఇల్లంతా కాగితం కాలిన కంపేనే తల్లీ. నీకు తెలీదు కదాని, నువ్వు మాటాడతండగానే పొయ్యిలో ఏసీసినాను."