అమానుల్లా గారి సొరుగులో ఒక ఫొటో

1991 జూన్ 17, సోమవారం ఉదయం, తిరువూరులోని మన పత్రికా కార్యాలయంలో ప్రూఫ్ రీడరుగా అడుగుపెట్టిన శ్రీ షేక్ అమానుల్లా గారు, ముప్పై నాలుగేళ్ల నిరుపమాన సేవానంతరం, డెస్క్ ఇన్‌ఛార్జి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఆయన వెంట తెచ్చుకున్నవి ఒక ఎర్ర పెన్ను, ఒక టిఫిన్ క్యారియరు. పెన్నులు ఎన్నో మారాయి గానీ క్యారియరు మాత్రం అదే.

1996లో సబ్ ఎడిటరుగా పదోన్నతి పొందిన నాటి నుంచి, గంపలగూడెం నుంచి వచ్చినా నెమలి నుంచి వచ్చినా, ప్రతి వార్తా ఆయన చేతిమీదుగానే అచ్చుకు వెళ్లింది. పత్తి రైతు గోడును ఆరు పంక్తులకు కుదించవలసి వస్తే, ఆ ఆరింటిలో రైతు నోటి మాట ఒక్కటైనా మిగిలేలా చూడటం తన ధర్మంగా భావించారు. ఇక విశేషణాలంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. పైన ‘నిరుపమాన’ అన్న మాట చూసి ఈపాటికే పెన్ను తీసి ఉంటారు. "శుభలేఖ చేతికిచ్చినా ముందు జేబులో పెన్ను తడుముకుంటారండీ ఈయన" అని ఆయన శ్రీమతి తహమీనా గారు ఎన్నిసార్లు నవ్వారో!

అంతటి జాగరూకుల చేతిలోనూ 1998లో ఒక తప్పు దొర్లింది. వినగడపలో ఒక పెద్దావిడ మరణించగా, ఆమె, ఆమె చెల్లెలు పుల్లమ్మ గారు పక్కపక్కన నిలబడ్డ పెళ్లి ఫొటో ఒకటి డెస్కుకు వచ్చింది. ఎవరు ఎవరో కనుక్కోకుండానే, వయసు పైబడినట్టు కనిపించిన ముఖాన్ని కత్తిరించి అమానుల్లా గారు పేజీలో అతికించారు. మర్నాడు పేపరు చూసిన చుట్టాలు పుల్లమ్మ గారి కోసం ఏడుస్తూ వినగడప చేరారు.

కబురు అందగానే ఆయన రాజీనామా లేఖ రాసి జేబులో పెట్టుకుని, షేర్ ఆటోలో ఆ ఇంటికి వెళ్లారు. గుమ్మంలో పుల్లమ్మ గారే ఎదురయ్యారు.

"నన్ను చంపేశారంట గదా సార్! మా అక్కకంటే ఆరేళ్లు చిన్నదాన్ని. ముసలిదాన్ని చేసి మరీ చంపారు" అన్నారామె.

అంత దుఃఖంలోనూ చుట్టాలు నవ్వారు. ఆయన నవ్వలేకపోయారు. మరుక్షణంలో ఆమె కొంగుతో కళ్లొత్తుకున్నారు. "నా సంగతి పోనీండి. మా అక్క బొమ్మ బతికుండగా ఎక్కడా పడలేదు. పోయాకన్నా పేపర్లో చూద్దామనుకున్నాం."

ఆయన తల వంచుకుని, ఉద్యోగం మానేస్తున్నానంటూ లేఖ చూపించారు.

"బావుంది వరస! మీరు మానేసి పోతే రేపు మా అక్క ఫొటో ఎవరేస్తారండీ? ముందా కాగితం చించేయండి."

చించేశారు. మర్నాటి పత్రికలో క్షమాపణతో పాటు అక్కగారి ముఖం రెండింతల పెద్దదిగా అచ్చయింది. అప్పటి నుంచి మన డెస్కులో ఒక ఆచారం ఏర్పడింది. మరణ వార్త ఎంత చిన్నదైనా సరే, ఫోన్ చేసో మనిషిని పంపో, ఫొటోలో ఉన్నదెవరో ఆ ఇంటివారి నోట వినందే పేజీ కదలదు. 2009లో ఇన్‌ఛార్జి అయ్యాక కూడా ఆ పనిని ఆయన ఎవరికీ అప్పగించలేదు. అవతలివారు ఏడిస్తే, పేజీకి ఆలస్యమవుతున్నా, ఏడుపు ఆగేదాకా ఫోను పట్టుకునే కూర్చున్నారు. మనం విసుక్కున్న రోజులున్నాయి. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గత వారం, విరమణ సంగతి తెలిసి, ఎనభై మూడేళ్ల పుల్లమ్మ గారు ఆటో ఎక్కి ఆఫీసుకు వచ్చారు.

"మీరెళ్లిపోతే నా ఫొటో ఎవరు చూసి వేస్తారు సార్?" అంటూ ఒక కవరు ఆయన చేతిలో పెట్టారు. "స్టూడియోలో ఒక్కదాన్నే దిగా. పక్కన ఎవరూ లేరు. ఇంక తప్పు పోదులెండి."

అమానుల్లా గారు కళ్లు తుడుచుకుని, ఫొటో వెనుక పేరూ ఊరూ రాసి, ఆమెకు చదివి వినిపించి, అవునన్నాకే సొరుగులో పెట్టారు. నిన్న డెస్కు బాధ్యతలు స్వీకరించిన శ్రీలలిత గారికి సొరుగు తాళం ఇస్తూ, "ఇది తీయాల్సి వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యమ్మా. ఒక్కసారి చూసి చెప్తాను" అన్నారు.

ఆ సొరుగు తెరిచే అవసరం ఏళ్ల తరబడి రాకూడదని, ఎప్పుడో వచ్చిన నాడు ఆ ఫోను ఎత్తడానికి అమానుల్లా గారు, పక్కన తహమీనా గారు, చల్లగా, ఆరోగ్యంగా ఉండాలని మనమందరం మనసారా కోరుకుంటున్నాం.