గుట్టెక్కిన చెప్పులు

పిండిమిల్లు మావయ్య గొంతు సవరించుకున్నాడంటే టీకొట్టు బల్ల మీద ఉన్నోళ్లు సర్దుకుని కూర్చోవాల్సిందే, టీ చల్లారినా సరే లేవలేరు. ఆ పూట తెగిన కుడి చెప్పుని, పక్కనే కూర్చునే చెప్పులు కుట్టే తాత ముందు పడేసి, ఒంటికాలి చెప్పుతో వచ్చి మరీ మొదలెట్టాడు.

అసలు సంగతేంటంటే, ముప్పై ఏళ్లుగా పిండి పీల్చీ పీల్చీ ఆయన ఛాతీలో పిల్లికూతలు చేరాయి. నెల కిందట డాక్టరు, "మందులొక్కటే చాలవు, రోజూ పొద్దున్నే ఆ చెట్ల గుట్ట ఎక్కి మంచి గాలి పీల్చు" అన్నాడు. ఇంట్లో అత్తయ్య ఊరుకుంటుందా? "నెల్లాళ్లు ఎక్కావా సరే, ఎగ్గొట్టావో, మిల్లు తాళం మా తమ్ముడికిచ్చేస్తా" అని తెగేసి చెప్పింది. ఆ నెల ఇవాళ్టితో సరి. సాయంత్రం ఆవిడ అడుగుతుంది. ముందు ఈ జనం నమ్మితే ఆవిడా నమ్మకపోదని మావయ్య ఆశ.

"మొదటిరోజు పెద్దగా ఏం చేయలేదబ్బా, పైకెక్కి ఒక్క ఊపిరి పీల్చానంతే. దగ్గు ఠక్కున ఆగింది. వారానికి ఏమైందో తెలుసా? కళ్లజోడు తీసి పారేశా. గుట్ట మీంచి కిందకి చూస్తే బస్సులో కండక్టరు చొక్కాకి గుండీ ఊడటం కనపడింది."

"ఎన్నో గుండీ మావయ్యా?" అన్నాడు మంగలి.

"రెండోది. మధ్యలో అడ్డు రాకు. పదిహేనో రోజు కాస్త గట్టిగా పీల్చానా, చుట్టూ ఉన్న చెట్లన్నీ నా వైపు వంగాయి! పిట్టలు గూళ్లు పట్టుకుని తిట్టుకున్నాయి పాపం. సరేలే అని వదిలా. ఆ వదిలిన గాలికి ఊళ్లో మేడల మీద ఆరేసిన బట్టలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి."

"అందుకేనా అన్నయ్యా, మా దుప్పటి పక్కింట్లో తేలింది?" అంది టీకొట్టు వదిన.

"మరి! నిన్న డాక్టరు దగ్గరికెళ్లా. గొట్టం పెట్టి విన్నాడు, ఉలిక్కిపడ్డాడు. లోపల పిట్టలు కూస్తున్నాయి, ఆకులు గలగలమంటున్నాయి! అది వినగానే ఆయన పదేళ్ల తలనొప్పి పోయింది. బయట వరసలో ఉన్న రోగులంతా వచ్చి తలా ఒక నిమిషం నా ఛాతీకి చెవి ఆనించుకుని, లేచి నడుచుకుంటూ ఇళ్లకి పోయారు. ఆస్పత్రికి తాళమేశారయ్యా!"

"అబ్బాయ్," అన్నాడు తాత, చెప్పు తిరగేసి చూస్తూ. "దీనికి కొత్త అడుగు అట్ట నేనే వేశా కదూ, నెల కిందట?"

"నువ్వే తాతా. గుట్టెక్కడానికే వేయించుకున్నా."

"నా దారం కుట్టు కూడా చెరగలేదు. అడుగు గాడుల్లో మట్టి రవ్వంత లేదు. పిండి మాత్రం గట్టిగా కూరుకుంది. రోజూ తెల్లారి లేచి మిల్లుకెళ్లి బస్తాల మీద పడుకున్నావు, అవునా?"

మావయ్య రెప్ప కూడా వేయలేదు.

"అదే చెప్పబోతున్నా తాతా! గాలి అంత బలమైంది, నన్ను ఎత్తుకుపోయేది. కాలు కింద ఆనితే కదా!"

నవ్వులకి టీ గ్లాసులు గలగలమన్నాయి. మావయ్యా నవ్వాడు. ఆ నవ్వే దగ్గైంది. వంగిపోయాడు, కళ్ల నీళ్లొచ్చాయి, ఎంతకీ ఆగలేదు. వదిన గబగబా వేడినీళ్లు పట్టింది.

తాత పట్టీ కుట్టి చెప్పు ఆయన కాలి దగ్గర పెట్టాడు. "సాయంత్రం మీ ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పి ఇంకో నెల అడుగు. రేపు పొద్దున ఆరింటికి నేనూ వస్తా, ఒకేచోట కూర్చుని నా మోకాళ్లూ బిగిశాయి. నెలయ్యాక ఆ అడుగు అరిగిందని నేనే వచ్చి చెప్తా."

మావయ్య చెప్పు తొడుక్కున్నాడు. "తప్పేలా లేదు, చెప్తా. కానీ తాతా, ఒక్కటే భయం. నేను రోజూ ఎక్కితే ఆ గుట్ట అరిగిపోదూ?"

"గుట్ట సంగతి తర్వాత అన్నయ్యా," అంది వదిన గ్లాసు అందుకుంటూ, "ముందు చెప్పు అరగనీ."