ఈ ఇంట్లో నిరుద్యోగులు లేరు

మధ్యాహ్నం భోజనాల వేళ, మేడ మీది రెండు గదుల వాటా. కుట్టుమిషను పక్కన స్కూలు చొక్కాల గుట్ట, గుట్ట పక్కన ఇంటాయన, ఆయనకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ట్యాబ్ పట్టుకున్న సర్వే అమ్మాయి. ఇంటాయన గొంతు పెంచకుండా కోపం తెచ్చుకోవడానికి నానా తంటాలు పడుతున్నాడు.

“మెల్లగా అడగండి మేడం. ఆ కిటికీ కిందే మెట్లు. మా నాన్నగారు వచ్చే వేళయింది.”

“మెల్లగానే అడుగుతున్నా సార్. మీకు ఉద్యోగం ఉందా, లేదా?”

“ఉండేది.”

“ఉండేది అనే ఆప్షన్ లేదు సార్.”

“నీళ్ల మోటార్ల ఫ్యాక్టరీ. ఊరి చివర. క్వాలిటీ చెకింగ్ చేసేవాణ్ని. మూసేశారు.”

“అయ్యో. అయితే లేదు అని కొడుతున్నా.”

“కొట్టకండి, కొట్టకండి. ఇంట్లో తెలీదు.”

“ఇంట్లో తెలీదంటే? మీ ఆవిడగారికి కూడానా?”

“ఆవిడకి ఆ రోజే చెప్పా. నాన్నగారికి తెలీదు. ఆయన గుండెకి స్టెంటు వేశారు. కంగారు పుట్టించే మాటలు చెప్పకండి అన్నాడు డాక్టరు. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంగారు మాట ఇదే.”

“మరి రోజూ ఎలా సార్?”

“రోజూ క్యారేజీ పట్టుకుని తొమ్మిదింటికి బయల్దేరతా. లైబ్రరీకి. పేపర్లో ఉద్యోగాల పేజీ చదువుతా. క్యారేజీ తింటా. సాయంత్రం అలిసిపోయి ఇంటికొస్తా. నిజంగానే అలిసిపోతా మేడం. ఏ పనీ లేకుండా కూర్చోవడమంత ఒళ్లు హూనం చేసే పని ఇంకోటి లేదు.”

“ఫ్యాక్టరీ వైపు మళ్లీ వెళ్లలేదా?”

“ఆ రోడ్డు మొహం చూడలేదు. ఆ గేటు చూస్తే అక్కడే కూలబడిపోతానని భయం.”

“ఈ రోజు మరి ఇంట్లో ఉన్నారు?”

“లైబ్రరీకి సెలవు.”

“వీధిలో ఎవరో ఒకరు తాతగారికి చెప్పేస్తారు కదా సార్.”

“చెప్పరు. వీధంతా మా ఫ్యాక్టరీ వాళ్లే. ఇంటింటికీ తిరిగి మాట తీసుకున్నా. మా నాన్న ముందు ఎవరూ నోరు విప్పొద్దని.”

“సరే, నేనూ చెప్పను. వివరాలన్నీ గోప్యం. కాకపోతే ఒక్క చిక్కుంది. ఇంటి పెద్ద అన్న చోట ఎవరి పేరు చెప్పారు?”

“నాన్నగారిదే. పెద్దాయన ఉండగా నాది చెబుతానా?”

“చివర్లో అన్నీ ఇంటి పెద్దకి చదివి వినిపించి, ట్యాబ్ మీద సంతకం పెట్టించుకోవాలి. రూలు.”

“ఇంటి పెద్దని మార్చేయండి.”

“ఒకసారి కొట్టాక మారదు సార్.”

“అయితే నాకు ఉద్యోగం ఉందని కొట్టేయండి. మీ సొమ్మేం పోతుంది?”

“అబద్ధం కొడితే నా కాంట్రాక్టు పోతుంది. ఆగండి, కంగారు పడకండి. ఇంకా ప్రశ్నలున్నాయిగా. గత ఏడు రోజుల్లో ఒక్క గంటైనా ఏదైనా పని చేశారా?”

“ఏదైనా అంటే?”

“నాలుగు డబ్బులొచ్చే పని. మీకే రానక్కర్లేదు, ఇంట్లో ఎవరికొచ్చినా చాలు.”

“ఏమీ చేయలేదు.”

“బాగా గుర్తు చేసుకోండి.”

“లేదన్నానుగా మేడం. గుర్తు చేసుకోవడానికి ఏముంది?”

“ఆ చేతిలో సూది ఏంటి సార్?”

“ఇదా? ఇది... గుండీలు. మా ఆవిడ స్కూళ్లకి చొక్కాలు కుడుతుంది. ఇప్పుడు అవి ఇచ్చి రావడానికే వెళ్లింది. మిషను పని తనది. గుండీలు నేను కుట్టిపెడతా. చేతులు ఊరికే ఉండవు కదా.”

“ఎంతసేపు కుడతారు?”

“ఎవడు చూశాడు? రాత్రిళ్లు, నాన్నగారు పడుకున్నాక.”

“వారం మొత్తం మీద గంట దాటిందా?”

“దాటే ఉంటుంది.”

“అయితే మీరు పనిలో ఉన్నారు సార్.”

“ఏంటి?”

“కుటుంబ వ్యాపారంలో సహాయకుడు. జీతం లేకపోయినా పని పనే. ఇదిగో, పచ్చ టిక్కు పడింది.”

“అంటే నేను నిరుద్యోగిని కాదా?”

“కాదు సార్.”

“ఉద్యోగం ఊడి, దొంగలా లైబ్రరీలో దాక్కుని, పెళ్లాం కుట్టిన చొక్కాలకి గుండీలు కుట్టుకుంటుంటే, నేను నిరుద్యోగిని కూడా కాదా? ఆఖరికి దానికి కూడా పనికిరాలేదా నేను?”

“మెల్లగా సార్. కిటికీ.”

“మా పక్కింటాయన సంగతేంటి? మాతోపాటే రోడ్డున పడ్డాడు.”

“తోపుడు బండి మీద పళ్లు అమ్ముతున్నారు. స్వయం ఉపాధి.”

“ఎవరికమ్ముతాడు? కొనాల్సినవాళ్లం మేమే కదా. వాడి పళ్లు వాడి పిల్లలే తింటున్నారు.”

“అమ్ముడుపోయాయా అనే ప్రశ్న లేదు సార్.”

“పోనీ ఎదురింటి స్టోర్‌కీపరు? ఆయన మంచం కూడా దిగడం లేదు. ఆయనైనా నిరుద్యోగేనా?”

“పని వెతుకుతున్నారా అని అడిగా. ఇంకెక్కడ వెతుకుతానమ్మా, తిరిగి తిరిగి చెప్పులరిగాయి, మానేశాను అన్నారు. వెతకనివాళ్లు నిరుద్యోగుల్లోకి రారు. లెక్కలోంచి తీసేస్తాం.”

“ఆశ వదులుకున్నవాణ్ని మీరూ వదిలేస్తారన్నమాట.”

“నేను కాదు సార్, ట్యాబ్.”

“మరి ఈ వీధిలో నిరుద్యోగి ఎవరు?”

“పొద్దుట్నించీ వెతుకుతున్నా. ఒక్కరూ దొరకలేదు. నిన్న పక్క వీధి లెక్క చూసి మా సూపర్‌వైజరు తెగ సంబరపడ్డారు, నువ్వు వెళ్లిన చోటల్లా అందరూ పనిలో ఉన్నారమ్మా, నీది మంచి చెయ్యి అని.”

“మీరేం చదివారు మేడం?”

“ఎమ్మెస్సీ, స్టాటిస్టిక్స్. ఈ సర్వే అయ్యేదాకా నేనూ ఉద్యోగినే. తర్వాత నాకూ ఏవో గుండీలు దొరుకుతాయి లెండి. సరే, ఇల్లు ఎలా గడుస్తోంది? మీ ఆవిడగారి కుట్టు, ఇంకా?”

“నాన్నగారి పెన్షను. ఈ మధ్య పెరిగింది. సమయానికి పెరిగింది, లేకపోతే మునిగిపోయేవాళ్లం.”

“పెన్షను పెరిగిందా? మా నాన్నకి పెరగలేదే.”

“మీ నాన్నగారిది వేరే డిపార్ట్‌మెంటేమో. నెలనెలా మా ఆవిడ చేతికే ఇస్తారు. తనే చెప్పింది.”

“ఆయన ఇప్పుడు ఎక్కడికెళ్లారు?”

“వాకింగ్‌కి.”

“ఈ ఎండలోనా?”

“ఎండలో వెళ్లలేదు మేడం, తెల్లవారకుండానే వెళ్లారు.”

“ఇంకా నడుస్తూనే ఉన్నారా?”

“డాక్టరు నడవమన్నాడు. మా నాన్నకి ఏదైనా చెబితే అంతే, పట్టిన పట్టు విడవరు. అదీగాక స్నేహితులు, కబుర్లు. ఆ మాత్రం కాలక్షేపం ఉండాలి కదా పెద్దవాళ్లకి. అదిగో, బూట్ల చప్పుడు. మేడం, మీకు దణ్ణం పెడతా. ఆ పచ్చ టిక్కు చూపించండి చాలు. గుండీల మాట ఎత్తకండి.”

పెద్దాయన చేతికర్రా సంచీ గుమ్మం పక్కన పెట్టి, కాసేపు ఊపిరి తీసుకుని లోపలికి వచ్చాడు.

“ఎవరురా ఈ అమ్మాయి? నువ్వేంటి, ఇంట్లో ఉన్నావు? డ్యూటీ లేదా?”

“సర్వేకి వచ్చారు నాన్నా. డ్యూటీ లేదు, మెషిన్లు రిపేరు.”

“మళ్లీనా? మీ మెషిన్లు మనుషులకంటే ఎక్కువ సెలవులు పెడుతున్నాయిరా.”

“ఆర్డర్లు ఎక్కువయ్యాయి నాన్నా. పగలూ రాత్రీ తిరిగితే అరగవా మరి.”

“అరుగుతాయి, అరుగుతాయి. క్యాంటీన్లో తిండి బాగుంటోందా?”

“బ్రహ్మాండం. కొత్తగా టీ మెషిన్ కూడా పెట్టారు.”

“టీ మెషినా? నాకు కనబడలేదే.”

“మీకు కనబడ్డమేంటి నాన్నా?”

“అదేరా, నువ్వు చెప్పలేదే అని. ఇలాంటివి చెబుతుండాలి. కూర్చోమ్మా, లేచావెందుకు?”

“నమస్తే తాతగారూ. వాకింగ్‌కి ఇంతేసి బూట్లా?”

“ముళ్లుంటాయమ్మా.”

“పార్కులోనా?”

“పార్కుని ఎవరు పట్టించుకుంటున్నారు?”

“సంచీలో టార్చిలైటు కూడా ఉందే.”

“చీకటితో వెళతాను కదా. ఇవి నీ ట్యాబ్‌లో ఉన్న ప్రశ్నలా, నీ సొంతవా?”

“ట్యాబ్‌లోవే అడుగుతా లెండి. గత ఏడు రోజుల్లో మీరు ఒక్క గంటైనా పని చేశారా?”

“రిటైరైనవాణ్ని, నాకేం పనమ్మా? తినడం, నడవడం, పడుకోవడం.”

“పని కోసం వెతికారా?”

“ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?”

“అయితే పని చేయరు, వెతకరు. మీరు లెక్కకి బయట.”

“బయటే హాయి. గాలన్నా తగులుతుంది. మావాడి సంగతి ఏం రాశావు?”

“పనిలో ఉన్నారు అని. చూడండి, పచ్చ టిక్కు.”

“ఎక్కడ పనో రాయవా?”

“అదంతా వాళ్లకి అక్కర్లేదు నాన్నా.”

“నువ్వుండరా. వీడికి గొప్ప చెప్పుకోవడం చేతకాదమ్మా. మోటార్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్. వీడు సరే అననిదే ఒక్క మోటారు గేటు దాటదు.”

“చాల్లెండి నాన్నా.”

“చాలదు. సంతకం ఎక్కడ పెట్టాలి? చదవకుండా పెట్టే అలవాటు నాకు లేదు. ఒరేయ్, లోపల నా దిండు కింద కళ్లజోడు ఉంటుంది, పట్రా.”

“తెస్తా. మేడం, నేనొచ్చేదాకా చదవడం మొదలెట్టకండి.”

కొడుకు లోపలి గదిలోకి వెళ్లాడు.

“తల్లీ, కళ్లజోడు నా జేబులోనే ఉంది. వాడొచ్చేలోపు ఒక్క మాట. ఆ పచ్చ టిక్కు చెరపకు. పైవాళ్లు ఎవరొచ్చి అడిగినా వాడికి ఉద్యోగం ఉందనే చెప్పు.”

“చెరిపినా చెరగదు తాతగారూ. గంట దాటింది.”

“ఏం గంట? ఓ, గుండీలా. కుడుతుంటాడు పాపం. నేను నిద్రపోయాననుకుంటాడు. వేలికి సూది గుచ్చుకున్నా నోరు మెదపడు.”

“అయితే మీకు...”

“నాన్నా, దిండు కింద లేదు.”

“అలమరలో చూడరా.”

“తాతగారూ, మీకు తెలుసా?”

“మెల్లగా. నాకు తెలుసని వాడికి తెలిసిందంటే రేపట్నుంచి గడప దాటడు. పొద్దున్నే తల దువ్వుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్నాడు చూడు, దాని మీదే నిలబడి ఉన్నాడమ్మా వాడు. అది కూడా తీసేస్తే ఎదురింటి స్టోర్‌కీపరులా మంచమెక్కుతాడు. నా కొడుకుని అలా చూడలేను.”

“మరి మీ పెన్షను పెరిగిందని...”

“గవర్నమెంటు పెంచలేదు. కోడలూ నేనూ పెంచాం.”

“అంటే మీరు పని చేస్తున్నారు. ఈ గుండెతో.”

“కూర్చునే పనేలే. ఇప్పుడు నన్ను లెక్కలోకి లాగకు. వాడు చూస్తాడు.”

“అలమరలో కూడా లేదు నాన్నా. అసలు ఇంట్లోనే ఉందా?”

“ఉంటుందిరా. ఇంకాస్త వెతుకు.”

“వీధంతా మాట ఇచ్చిందని సార్ చెప్పారు. ఫ్యాక్టరీ మూసేశారని మీకెవరు చెప్పారు తాతగారూ?”

“ఎవరూ నోరు విప్పలేదమ్మా, మాట మీద నిలబడ్డారు. తెల్లారి లేస్తే ఆ ఫ్యాక్టరీ గేటుకి వేసిన తాళం ముందు స్టూలేసుకుని కాపలా కూర్చునేది నేనే కదా.”